ఇంటి చదువు, రుమటాయిడ్, ఎండాకాలం: పొద్దున్నే చేతులు కదలని అమ్మ రోజు ఎలా అమర్చుకోవాలి?

బెజవాడమల్లె
అందరికీ నమస్కారం. ఉండేది విజయవాడ, పై అంతస్తు ఇల్లు. పిల్లలిద్దరికీ చదువు ఇంట్లోనే. పాపకు 9, బాబుకు 13. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు. దానికి మందులు వారానికోసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., మర్నాడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్. లేచాక గంటకు పైగా వేళ్ళు ముడుచుకోవు. ఎండాకాలం చదువంతా తెల్లవారుజామునే కానిచ్చేయమని అందరూ చెబుతారు. ఆ వేళకు నా చేతులు లేవవు, చేతులు కుదుటపడేసరికి ఇల్లు సెగలు కక్కుతుంది. అడిగేవి ఇవి: రోజును ఎలా పంచుకోవాలి, వంటలో ఏవి మార్చాలి, ఈ ఎండకు మందుల విషయంలో ఏం చూసుకోవాలి, బాబు ఓపెన్ స్కూల్ పరీక్ష ఎప్పుడు పెట్టుకోవాలి.

కాకినాడ_పిన్ని
మల్లె గారూ, తెల్లవారుజాము చదువు అనేది ఒళ్ళు బాగున్న అమ్మను దృష్టిలో పెట్టుకుని చెప్పే సలహా. రుమటాయిడ్ ఉన్నవాళ్ళకు ఊరు చల్లగా ఉండే వేళా, కీళ్ళు బిగుసుకునే వేళా ఒకటే. కాబట్టి ఆ వేళను పిల్లలకు వదిలెయ్యండి. మీరు కూర్చుని చెప్పే పాఠం 10 తర్వాతే.

5:30 నుంచి 8 దాకా మీ అవసరం లేని పనే ఉండాలి. పాపకు 20 నిమిషాలు పైకి చదవడం (మీరు మంచం మీద నుంచే వినొచ్చు, తప్పు చదివితే అక్కడినుంచే సరిచెయ్యొచ్చు), ఒక పేజీ చూచిరాత, ఎక్కాలు. బాబుకు నిన్న చెప్పిన పాఠంలోంచే ఎనిమిదో పదో లెక్కలు. కొత్త పాఠం పొద్దున పెట్టకండి. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా అక్కడే. కొత్తది పెడితే అనుమానం వస్తుంది, అమ్మా అని పిలుస్తారు, మీరు బిగుసుకున్న చేతులతోనే లేచి వెళ్తారు, ఇక ఆ రోజంతా నొప్పే. పుస్తకం, పేజీ నంబరు, పెన్సిలు, రబ్బరు అన్నీ ముందురోజు సాయంత్రమే ఎవరి పళ్ళెంలో వాళ్ళకు సర్ది ఉంచండి. స్టీలు పళ్ళెం చాలు, ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదు.

7 నుంచి 8 దాకా బయట ఆట, మొక్కలకు నీళ్ళు. 10 నుంచి 11:30 దాకా మీ పాఠం. రోజుకు ఒక్క సబ్జెక్టే, ఇద్దరికీ ఒకేచోట. అదే భిన్నాల పాఠంలో పాపకు రొట్టె సగం, పావు. బాబుకు భాగహారం. 40 నిమిషాలు చెప్పాక నొప్పి ఉన్నా లేకున్నా పావుగంట ఆపండి. నొప్పి వచ్చాక ఆపితే ఆలస్యమైనట్టే. 1 నుంచి 4 దాకా అందరూ నేల మీద చాపలు వేసుకుని పడుకోవడమే. నిద్రపోకపోతే కథలు వినడం. సాయంత్రం 5:30 తర్వాత మిగిలిన చిన్న పనులు.

కొలత ఒకటి చెబుతాను. మర్నాడు పొద్దున బిగుసు (కీళ్ళు బిగుసుకుని ఉండే సమయం) మామూలుకన్నా అరగంట ఎక్కువ ఉందంటే నిన్న పని ఎక్కువైందని అర్థం. ఆ రోజు పాఠం సగానికి తగ్గించండి, మొత్తం మానెయ్యకండి.

చేతిపని_థెరపీ
పిన్ని గారు చెప్పిన పొద్దుటి వేళలో మీరు చేసుకోవాల్సినది కూడా ఉంది. వెడల్పు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి (మోచేతితో ముట్టుకుంటే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు) రెండు చేతులూ మణికట్టు మునిగేలా పది నిమిషాలు పెట్టండి. నీళ్ళలోనే ఈ వరుసలో చెయ్యండి: వేళ్ళు పూర్తిగా చాపడం, కొసలు మాత్రం వంచి కొక్కెంలా చేయడం, వదులుగా పిడికిలి, బొటనవేలిని ఒక్కొక్క వేలికి తాకించడం. ఒక్కొక్కటి ఐదుసార్లు. బలవంతంగా గట్టి పిడికిలి పట్టొద్దు. వాచిన కీలు మీద ఒత్తిడి పడుతుంది.

బిగుసుకుపోయిన కీలుకు వెచ్చదనం, వాచి ఎర్రబడి వేడిగా ఉన్న కీలుకు చల్లదనం. ఎండాకాలం గదా అని అందరూ అన్నింటికీ ఐసు పెడతారు, బిగుసు ఇంకా పెరుగుతుంది. ఐసు పెట్టాల్సి వస్తే తువ్వాలులో చుట్టి 10, 15 నిమిషాలకు మించకుండా.

పాఠం చెప్పేటప్పుడు సుద్దముక్క వద్దు. వేళ్ళ కొసలతో గట్టిగా అదిమి పట్టుకోవాలి, పైగా చెయ్యి ఎత్తి రాయాలి. తెల్లబోర్డు ఒళ్ళో పెట్టుకునే సైజుది తీసుకోండి, మార్కరు తేలిగ్గా జారుతుంది. పెన్నుకు పాత సైకిల్ ట్యూబు ముక్కో, స్పాంజి గొట్టమో తొడిగితే లావుగా అవుతుంది, పట్టు వదులుగా సరిపోతుంది. రాత ఎక్కువుంటే ఫోనులో తెలుగు మాటలు చెప్పి టైపు చేయించండి. పిల్లల నోటుబుక్కులు దిద్దడం కూడా ఎర్రపెన్నుతో ప్రతి తప్పూ కాకుండా, తప్పున్న వరుసకు ఒక చుక్క పెట్టి వదిలెయ్యండి. ఎక్కడ తప్పో వెతుక్కోవడం వాళ్ళ పని, చదువుకూ అదే మంచిది.

మందులచీటీ
మందుల గురించి వరుసగా చెబుతాను. మోతాదులు మార్చడం మీ రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) పని. ఇంట్లో చూసుకోవాల్సినవే ఇవి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్పు మీద వారం పేరు పెద్దగా రాయండి, ఫోలిక్ యాసిడ్‌తో పాటు ఒకే డబ్బాలో పెట్టొద్దు, రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు. పిల్లల చేత ఈ మాత్ర తీయించొద్దు. చాలామందికి వేసుకున్న మర్నాడు నీరసం, వికారం ఉంటాయి. శనివారం రాత్రి వేసుకుంటే ఆదివారం పాఠం లేకుండా గడిచిపోతుంది. ఇప్పుడున్న రోజును మార్చాలంటే డాక్టరును అడిగి మార్చండి, మీ అంతట మీరు రెండు మోతాదులు దగ్గరపడేలా చెయ్యకండి.

ఎండాకాలంలో అసలు ప్రమాదం ఒళ్ళు ఎండిపోవడం. మెథోట్రెక్సేట్ ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. వాంతులు, విరేచనాలు, వడదెబ్బతో నీళ్ళు తగ్గితే కిడ్నీ పని మందగిస్తుంది, మందు ఒంట్లో నిలిచిపోతుంది. అప్పుడు నోట్లో పుళ్ళు, తెల్లకణాలు పడిపోవడం. అందుకే విరేచనాలు పట్టుకున్న వారం మెథోట్రెక్సేట్ రోజు వస్తే మాత్ర వేసుకునే ముందు డాక్టరుకు ఫోను చెయ్యండి. నోట్లో పుళ్ళు, జ్వరం, ఆగని పొడిదగ్గు, ఆయాసం వచ్చినా అంతే. దీనికి తోడు డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు మరీ జాగ్రత్త, ఎండిపోయిన ఒంట్లో అవి కూడా కిడ్నీనే దెబ్బతీస్తాయి.

దగ్గుకో మూత్రంలో మంటకో వీధి చివర షాపులో సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ మాత్ర ఇస్తే తీసుకోకండి. మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ఎముక మూలుగ మీద దెబ్బ పడుతుంది. ఏ షాపుకు వెళ్ళినా, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి.

రక్తపరీక్షలు (రక్తకణాలు, లివరు, కిడ్నీ పని చూపే క్రియాటినిన్) మందు కుదిరాక సాధారణంగా మూడు నెలలకోసారి. ఎండలు ముదిరే లోపు, ఏప్రిల్ మొదట్లో ఒకసారి పడేలా చూసుకుంటే మంచిది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు కంటి పరీక్ష మొదలుపెట్టిన తొలి ఏడాదిలో ఒకటి, ఐదేళ్ళు దాటాక ఏటా.

మాత్రలు ఉంచే చోటు: వంటింటి అలమర, పడమటి గోడకు ఆనుకున్న ఇనుప బీరువా వద్దు. ఇంట్లో అన్నిటికన్నా లోపలి గదిలో, కింది అరలో. అట్ట మీద రాసి ఉంటే తప్ప మాత్రలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పడుతుంది.

ఓరుగల్లు_అక్క
పై అంతస్తు అన్నరు గదా, ముందుగాల స్లాబు సంగతి చూసుకోండ్రి మల్లెక్కా. మార్చి నెలలనే మేడ మీద తెల్లసున్నం రెండు పూతలు ఏపించుకుంటే లోపల వేడి తగ్గుడు చేత్తో తెలుస్తది. తెలంగాణల ప్రభుత్వం 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది గూడ ఇందుకే.

కూలర్ గురించి చెప్తా, మస్తుమంది తప్పు పెడ్తరు. కిటికీకి బయట నుంచి గాలి గుంజేటట్టు పెట్టాలె, ఎదురు కిటికీనో తలుపునో ఒక జానెడు తెరిచి ఉంచాలె. తలుపులన్నీ మూసి కూలర్ నడిపితే గదిల చెమ్మ నిండి ఉక్కపోస్తది, చెమ్మకు కొందరికి కీళ్ళు ఎక్కువ గుంజుతయి. మా దిక్కు గాలి పొడిగ ఉంటది కాబట్టి బాగ పనిచేస్తది. బెజవాడల వడగాలి కొట్టే రోజు పనిచేస్తది, సముద్రం దిక్కు నుంచి గాలి తిరిగిన రోజు ఫ్యానే నయం. గాలి నేరుగ చేతుల మీద, మోకాళ్ళ మీద పడకుండ గోడ దిక్కు తిప్పుకోండ్రి.

కూలర్ల నీళ్ళు పోసుడు మీ పని కాదు. 15 లీటర్ల బకెటు ఎత్తితే మణికట్టు మీదనే బరువంత. బాత్రూం నల్లా నుంచి సన్న పైపు పెట్టుకోండ్రి, బాబు తిప్పి ఆపుతడు. వారానికోసారి నీళ్ళన్ని పారబోసి ట్యాంకు రుద్ది ఆరబెట్టాలె, లేకపోతే దోమ గుడ్లు పెడ్తది. వట్టివేళ్ళ జాలీలు ఉంటే మంచి వాసన, గాని ఏటా మార్చాలె, పాతవి బూజు పడ్తయి.

చదువుల_చెట్టు
నాది ఇంకో మాట. అసలు ఎండాకాలం సెలవు ఎందుకు, ఎండాకాలం చదువు ఎందుకు అన్నది ఒకసారి ఆలోచించండి. బడికి మే నెల సెలవు పిల్లలు నడిచి వెళ్ళలేరని, గదులు కాలిపోతాయని. ఇంటి చదువుకు ఆ అవసరం లేదు. మన ఊళ్ళలో బయట తిరగడానికి బాగుండేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సెలవు అప్పుడు పెట్టుకుని కొండపల్లి ఖిల్లాకో, కొల్లేరుకో వెళ్ళండి, చలికాలంలో కొల్లేటికి పక్షులు వస్తాయి. మే నెలలో ఎలాగూ తలుపులు మూసుకునే ఉంటారు, అప్పుడు చదవడమే సరి.

కాకినాడ_పిన్ని
చెట్టు గారూ, ఒక్క పిల్లవాడున్న ఇంటికి అది కుదురుతుంది. మే నెలలో అత్తయ్య పిల్లలు, బాబాయి పిల్లలు దిగుతారు. అందరూ క్యారమ్స్ ఆడుతుంటే మన పిల్లలను లెక్కల ముందు కూర్చోబెట్టలేం, కూర్చోబెట్టకూడదు కూడా. ఇంకోటి, రుమటాయిడ్ ఉన్నవాళ్ళలో చాలామందికి డిసెంబరు చలిలో బిగుసు ఎక్కువ. ఆ నెలల్లో ఖిల్లా మెట్లు ఎక్కే సెలవు పెట్టుకుంటే అమ్మ ఇంట్లోనే మిగిలిపోతుంది.

చదువుల_చెట్టు
చుట్టాల మాట ఒప్పుకుంటాను. అయితే ఏప్రిల్ అంతా, జూన్ రెండో వారం నుంచీ పాఠం, రోహిణి కార్తె చుట్టూ మూడు వారాలు పూర్తిగా సెలవు. రోళ్ళు పగిలే ఎండలు మే 25 నుంచి జూన్ మొదటి వారం దాకా. ఆ రోజుల్లో అమ్మ ఒంట్లో మిగిలే ఓపికంతా వంటకూ చుట్టాలకూ సరిపోతుంది. చలికాలంలో విహారం మెట్లు లేనిది ఎంచుకోండి. కొల్లేటి పక్షులను కారు దిగకుండా కూడా చూడొచ్చు.

బెజవాడమల్లె
పిన్ని గారూ, చెట్టు గారూ, మూడు వారాల సెలవు నాకూ సరిగ్గా కుదిరేలా ఉంది. మందులచీటీ గారూ, మాత్ర రోజు శనివారానికి మార్చే విషయం అడుగుతాను. వంట గురించి ఎవరైనా చెప్పండి. ఆవకాయ సంగతీ. ఈ ఏడు పెట్టకపోతే ఇంట్లో ఎవరూ ఊరుకోరు, కత్తిపీట ముందు కూర్చోవడం నాతో కాదు.

సీమరాగి
మొదట పొద్దుటి తిండి. పొయ్యి దగ్గర నిలబడే పని లేకుండా రాగి అంబలి. నలుగురికి: రాగిపిండి అర కప్పు, ఒక కప్పు చల్లనీళ్ళలో ఉండ లేకుండా కలపాల. నాలుగు కప్పుల నీళ్ళు మరిగినాక ఆ పిండినీళ్ళు పోస్తా కలుపుతా ఉండాల, సన్నమంట మీద ఏడెనిమిది నిమిషాలు. పచ్చివాసన పోయి మెరుపు వస్తే ఉడికినట్టు. ఉండ కట్టేది వేడినీళ్ళలో పొడిపిండి పోస్తేనే. బాగా ఆరినాక రెండు కప్పుల మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరప. రాత్రి వండి ఆరినాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున మజ్జిగ కలిపితే బాబే చేస్తాడు.

రాత్రంతా బయట పులియబెట్టే అంబలి, చద్దన్నం ఈ మందు వాడేవాళ్ళకు నేను చెప్పను. 40 డిగ్రీల ఊరిలో అన్నం ఏం పట్టి పులిసిందో చెప్పలేము, మెథోట్రెక్సేట్ మీద ఉండేవాళ్ళకు కడుపు చెడితే ఎంత కష్టమో పైన రాసినారు కదా. అట్లే బయట చెరుకురసంలో ఐసు, కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు. పుచ్చకాయ, ముంజలు ఇంటికి తెచ్చుకుని కడిగి తినండి.

ఇడ్లీపిండి ఎండాకాలం ఐదారు గంటల్లోనే పొంగుతుంది. రాత్రి పదికి రుబ్బి వదిలితే పొద్దున్నకు పుల్లగా కారిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకు రుబ్బి సాయంత్రం ఐదుకు ఫ్రిజ్‌లోకి. రాళ్ళు ఎత్తాల్సిన గ్రైండరు మానుకుని గిన్నె వంచే టిల్టింగ్ గ్రైండరు చూడండి.

చేతిపని_థెరపీ
వంటింట్లో ఇంకొన్ని. ఐదు లీటర్ల కుక్కరు బదులు మూడు లీటర్లది రెండుసార్లు. అన్నానికి కరెంటు కుక్కరు. గిన్నెను వేళ్ళతో అంచు పట్టి ఎత్తకుండా, రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తాలి. గట్టు మీద అయితే ఎత్తకుండా జరపాలి. 20 లీటర్ల నీళ్ళ క్యాను వంచొద్దు, ఛార్జింగ్ పంపు మూతకు తగిలిస్తే బటన్ నొక్కగానే నీళ్ళు వస్తాయి, పాప కూడా పట్టుకుంటుంది. తడిబట్ట పిండడం మణికట్టును మెలితిప్పే పని, అది పూర్తిగా మానెయ్యండి. బట్టను కుళాయికి చుట్టి రెండు కొసలూ కలిపి లాగినా నీళ్ళు పోతాయి.

లెక్కలపలక
ఆవకాయ నాకు వదిలెయ్యండి, అది బాబుకు నిష్పత్తుల పాఠం.

కాయలు కొట్టడం ఇంట్లో వద్దు. మే నెలలో రైతుబజారు దగ్గర పెద్ద కత్తి పెట్టుకుని కాయకు ఇంతని తీసుకుని కొట్టిపెడతారు. ముందురోజు కొన్న కాయలు ఇంట్లో కడిగి, పూర్తిగా తుడిచి, ఆరబెట్టి తీసుకెళ్ళండి. బజారులో కొట్టించి తెచ్చి ఇంట్లో కడగడం వల్లే ఆవకాయ బూజు పడుతుంది. నీళ్ళు చేరిన చోట ఉప్పు పలచనై బూజు నిలదొక్కుకుంటుంది. జీడి తీయడం, టెంక లోపలి పల్చటి పొర గీకడం వేళ్ళ కొసల పని, అది పిల్లలకు చెంచాలిచ్చి చేయించండి. గుడ్డతో ఒక్కొక్క ముక్కా తుడిచేది పాప.

కిలో ముక్కలకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఎండబెట్టి దంచిన కల్లుప్పు 180, మెంతులు ఒక చెంచా, పప్పునూనె 400 నుంచి 500 మి.లీ. బాబుకు ఇచ్చే లెక్క ఇది: బజారు నుంచి వచ్చిన ముక్కలు జీడి తీశాక తూస్తే 2 కిలోల 350 గ్రాములు ఉన్నాయి, ఏది ఎంత? కారం 470, ఉప్పు 423. వంటింటి కాటాలో తూచి చూపించాలి. నూనె మాత్రం లీటరు గుర్తులున్న గిన్నెతో. గ్రాముకూ మిల్లీలీటరుకూ తేడా ఏమిటని వాడే అడుగుతాడు, ఎందుకంటే లీటరు నూనె కిలో తూగదు. అక్కడ సాంద్రత పాఠం మొదలుపెట్టండి.

మూడో రోజు తిరగకలపడానికి పొడుగు కాడ చెక్కగరిటె, రెండు చేతులతో. ఐదు కిలోల జాడీలో పెట్టకండి, కిలో పట్టే సీసాల్లో పెడితే ఎత్తడం ఎవరికైనా తేలిక. మీకు బీపీ ఉన్నా, స్టెరాయిడ్ వాడుతున్నా ఆవకాయ ముక్క ఒకటే, రెండోది వద్దు. ఉప్పు అంత ఉంటుంది.

ఎండతో ఇంకో పాఠం ఉంది. మే నెలలో ఒకరోజు నడినెత్తిన సూర్యుడు వస్తే నిలువుగా నిలబెట్టిన సీసాకు నీడ ఉండదు. హైదరాబాదులో మే 9 ప్రాంతం, విజయవాడలో దానికి రెండుమూడు రోజుల ముందు, మధ్యాహ్నం 12 దాటిన కాసేపటికి. వారం ముందు నుంచి రోజూ అదే వేళకు నీడ పొడవు సుద్దతో గీస్తే అది తగ్గుతూ మాయం కావడం కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని, తలకు గుడ్డ చుట్టుకుని పిల్లలు వెళ్ళి వస్తారు, మీరు గుమ్మంలోంచి చూడొచ్చు.

ఓపెన్‌స్కూల్_అనుభవం
బాబు పరీక్ష గురించి. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) సెకండరీకి, అంటే పదో తరగతికి, 14 ఏళ్ళు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో ఒక భాష తప్పనిసరి, రెండు భాషల దాకా తీసుకోవచ్చు. తెలుగు మీడియం ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మేలో, అక్టోబరు–నవంబరులో. మీ ఇంటికి అక్టోబరే సరైనది. థియరీ పేపర్లు ఎక్కువగా మధ్యాహ్నం 2:30కు మొదలవుతాయి, మే ఎండలో ఆ వేళకు కేంద్రానికి పిల్లవాడిని తీసుకెళ్ళడం, సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చోవడం మీ ఒంటికి మంచిది కాదు.

అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళు ఉంటుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు. బాబుకు 14 నిండి పేరు నమోదయ్యాక వచ్చే మొదటి అక్టోబరులో రెండు సబ్జెక్టులు, తర్వాతిదానిలో మూడు. మీకు నొప్పి ముదిరిన విడతలో ఒకటే రాయించినా పోయేదేమీ లేదు. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు, వాటిని ఎండాకాలంలోనే రాయించి పెట్టండి, మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని చేసే పనికి ఇంతకన్నా తగినది లేదు. ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ పదో తరగతి కూడా ఉంది. పైచదువు ఎక్కడ అనుకుంటున్నారో దాన్నిబట్టి రెండింట్లో ఒకటి ఎంచుకోండి. ఊరు మారే అవకాశం ఉంటే ఎన్ఐఓఎస్.

పేరు నమోదు చేసే స్టడీ సెంటరును ఫోనులోనే తేల్చకండి. ఒకసారి వెళ్ళి ప్రాక్టికల్స్ అక్కడే జరుగుతాయా, లిఫ్టు ఉందా, లేకపోతే కింది అంతస్తులో కూర్చోనిస్తారా అడగండి.

కాకినాడ_పిన్ని
ఒకటి మరిచిపోయాం, నొప్పి ముదిరిన రోజులకు ముందుగానే సిద్ధం. అట్టపెట్టె ఒకటి పెట్టుకోండి, ఐదు రోజులకు సరిపడా. పాపకు ఐదు కవర్లు, బాబుకు ఐదు. కవరులో రెండు వర్క్‌షీట్లు, చదవాల్సిన కథ పేజీ నంబర్లు, చేతిపని ఒకటి (కాగితపు మడత, పటం గీయడం), కవరు మీద ఎంతసేపో. జవాబులు విడిగా ఒక కవరులో అంటించి మీ దగ్గర. ఆ వారం పాఠాలు మీ గొంతుతో ఫోనులో రికార్డు చేసి ఉంచితే పడుకునే వినిపించొచ్చు. కవరు ఖాళీ అయిన వారమే మళ్ళీ నింపాలి, నొప్పి లేని రోజే. నొప్పి వచ్చాక నింపుదామంటే కుదరదు.

పెట్టె మూత లోపల అంటించాల్సిన కాగితం: మీ డాక్టరు నంబరు, 108, మందుల జాబితా మోతాదులతో, ఏ రోజు ఏది, తాళాలు ఎక్కడ, పక్కింటివారి నంబరు. బాబు 13 ఏళ్ళవాడు, చదివి ఫోను చెయ్యగలడు.

లెక్కలపలక
దీనికి తోడు రోజూ బిగుసు ఎన్ని నిమిషాలో బాబు చేత గ్రాఫు గీయిస్తే? ఉష్ణోగ్రతతో పోల్చి చూడొచ్చు, డాక్టరుకూ పనికొస్తుంది.

కాకినాడ_పిన్ని
గ్రాఫు మంచిదే, గీసేది మాత్రం మల్లె గారే కావాలి. అమ్మ నొప్పిని రోజూ కొలిచే పని పిల్లవాడికి ఇవ్వొద్దు. గీత పైకి వెళ్ళిన రోజు తనవల్లేనేమో అనుకుంటాడు. పిల్లలకు ఇంటి పని ఇద్దాం, కుక్కరు పెట్టడం, నీళ్ళు పట్టడం, బట్టలు మడవడం. అమ్మ ఒంటి బాధ్యత మాత్రం పెద్దవాళ్ళదే. వాడికి గ్రాఫు కావాలంటే మేడ మీద, లోపలి గదిలో, కూలర్ ముందు మూడు చోట్ల ఉష్ణోగ్రత గీయనివ్వండి.

లెక్కలపలక
సరే పిన్ని గారూ, అది ఒప్పుకుంటున్నాను. మూడు చోట్ల గ్రాఫే బాగుంది.

మందులచీటీ
చుట్టాల పిల్లలు వస్తారన్నారు కాబట్టి రెండు హెచ్చరికలు. ఎండాకాలం మొదట్లో ఆటలమ్మ తిరుగుతుంది. మీకు చిన్నప్పుడు రాలేదనుకుంటే, ఇంట్లో ఎవరికైనా పొక్కులు కనబడిన రోజే డాక్టరుకు చెప్పండి. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవాళ్ళకు అది తీవ్రంగా రావచ్చు. పిల్లలకు ఆటలమ్మ టీకా రెండు మోతాదులు పడ్డాయో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండోది, తొలకరి పడ్డాక డెంగీ. జ్వరానికి పారాసిటమాల్ తప్ప మీ కీళ్ళ నొప్పి మాత్ర వేసుకోవద్దు, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు. జ్వరం ఉన్నప్పుడు ఆ వారం మెథోట్రెక్సేట్ సంగతి డాక్టరే చెప్పాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇంట్లో పది ఉంచండి. ప్యాకెట్టు మీద ఎంత నీళ్ళని రాసి ఉందో అంతే, పెద్దదానికి సరిగ్గా లీటరు. అర లీటరులో మొత్తం కలిపితే ఉప్పు ఎక్కువై హాని. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న టీ చెంచాతో. పెట్టెల్లో అమ్మే పళ్ళరసాలు దానికి బదులు కావు.

విశాఖ_తీరం
మధ్యలో వస్తున్నాను. మాకు రుమటాయిడ్‌కు మాత్రలు కాదు, అడాలిముమాబ్ అనే ఇంజెక్షను. వైశాఖంలో తిరుపతిలో పెళ్ళి, రైలులో రాత్రి ప్రయాణం. ఎలా తీసుకెళ్ళాలి?

మందులచీటీ
అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్ తలుపులో కాదు, ఫ్రీజరు పక్కన కాదు, మధ్య అరలో. ఒకసారి గడ్డకడితే కరిగినా వాడకూడదు, పారెయ్యాలి. కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి, మూసి ఉంచితే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది.

ప్రయాణానికి మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సంచి తీసుకోండి. జెల్ ప్యాకు రాత్రంతా ఫ్రీజరులో ఉంచి, తువ్వాలులో చుట్టి అడుగున పెట్టి, దాని పైన ఇంజెక్షను అట్టపెట్టెతో సహా. ప్యాకుకు నేరుగా తగిలితే గడ్డకడుతుంది. చిన్న థర్మామీటరు ఒకటి లోపల పడెయ్యండి. సంచి బెర్తు మీద మీ పక్కనే, కిటికీ వైపు కాదు. దిగగానే విడిది ఇంట్లో ఫ్రిజ్ అడగండి. అసలు ఇంజెక్షను రోజు పెళ్ళికి అటో ఇటో రెండు రోజుల్లో పడితే డాక్టరును అడిగి బయలుదేరే ముందే ఇంట్లో వేసుకుని వెళ్ళడం అన్నిటికన్నా తేలిక, అప్పుడు సంచే అక్కర్లేదు.

బెజవాడమల్లె
విశాఖ గారికి ఇచ్చిన జవాబు మా అక్కకూ పనికొస్తుంది, తనకు పంపుతున్నాను. ఓపెన్‌స్కూల్ గారూ, ఒక్క చివరి ప్రశ్న. అక్టోబరు పరీక్షకు రెండు సబ్జెక్టులంటే ఏవి ముందు?

ఓపెన్‌స్కూల్_అనుభవం
తెలుగు, హోం సైన్స్ పెట్టండి. లెక్కలు, సైన్సు రెండో విడతకు. తెలుగులో మీరు నోటితో చెబితే సరిపోతుంది, చేతికి పని తక్కువ. హోం సైన్సులో సగం పాఠం మీ వంటింట్లోనే ఉంది. దానికి ప్రాక్టికల్ ఉంటుంది, రికార్డు పుస్తకం ఇప్పటినుంచే రాయించండి. ఆవకాయ పెట్టిన రోజు తూకాలతో మొదటి పేజీ రాయొచ్చు.